ఖంగుమనే బొగ్గు

నిడదవోలు,
22-9-2024, ఆదివారం

మామయ్య గారికి, మీ మేనకోడలు దుర్గ నమస్కారాలు.

మీరు ఫోన్ ఎత్తరు. ఎత్తినా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తారు. అందుకని పదో తరగతి పరీక్షల తర్వాత మళ్ళీ ఇప్పుడే ఇంత పొడుగు కాగితం తీసుకుని కూర్చున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకండి.

సంగతేమిటంటే, ఈ ఏడు మా అత్తవారి వైపు వాళ్ళ కార్తీక వనభోజనాలు మా ఇంట్లోనే. పెరట్లో ఉసిరిచెట్టు మాకే మిగిలింది మరి. నవంబరు 24, ఆదివారం. అరవై మంది వస్తారు. ఏటా అదే పులిహోర, అదే పనసపొట్టు కూర అని అందరూ విసుక్కుంటుంటే నేను నోరు జారాను. "ఈసారి అన్నీ నిప్పుల మీద కాల్చి పెడతాను" అనేశాను. అనగానే మీ అల్లుడు స్టీలు సామాన్ల కొట్లోంచి లేచి వెళ్ళి, ఒక పాత డ్రమ్ము నిలువునా కోయించి, కాళ్ళు వెల్డింగ్ చేయించి, పైన చువ్వల జల్లెడ అమర్చి తెచ్చారు. ఇక వెనక్కి తగ్గడానికి లేదు.

పోయిన ఆదివారం మొదటి ప్రయోగం. సూపర్ బజారులో ప్యాకెట్ బొగ్గు బిళ్ళలు కొన్నాం. అవి అంటుకోకపోతే మీ అల్లుడు ఎక్కడినుంచో కాస్త కిరసనాయిలు సంపాదించి పోశారు. కంద ముక్క నోట్లో పెట్టుకుంటే పాత లాంతరు నమిలినట్టుంది. మా అత్తగారు రామలక్ష్మి గారు మర్యాదకి ఒక ముక్క మింగి, రెండోది తులసికోట వెనక పడేశారు. నేను చూశాను. నేను చూసినట్టు ఆవిడా చూశారు. 

మామయ్యా, మన వాళ్ళందరిలో బొగ్గుల కొట్టు ఉన్నది మీకే. అసలు ఏ బొగ్గు కొనాలి, ఎలా చూసి కొనాలి? మన వంటలన్నీ శాకాహారమే, కార్తీకం కాబట్టి ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. అంటే రుచంతా నిప్పు నుంచే రావాలి. అరవై మంది ముందు నా పరువు మీ చేతిలో పెడుతున్నాను.

మీనత్తయ్యకి నమస్కారాలు. మహేంద్ర బావని అడిగానని చెప్పండి.

మీ
దుర్గ


తుని,
28-9-2024

చిరంజీవి దుర్గకి మామయ్య దీవెనలు.

ముప్పై ఎనిమిదేళ్ళుగా బొగ్గు అమ్ముతున్నాను. మన చుట్టాల్లో ఒక్కళ్ళయినా "బొగ్గు ఎలా చూడాలి" అని అడిగిన పాపాన పోలేదు. మీ అత్తయ్య సంగతే తీసుకో, బొగ్గుల కొట్టు సంపాదనతో గ్యాసు పొయ్యి మీద వండుతుంది. నీ ఉత్తరం చదివి మహా సంతోషించాను. కిరసనాయిలు సంగతి చదివి మాత్రం కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. ఇక ఆ పని చెయ్యకండి.

ఆ బిళ్ళలు మనకొద్దు. బొగ్గు పొడిని గంజితో ముద్ద చేసి అచ్చు పోస్తారు. అలాగే రాక్షసి బొగ్గు ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోకు. అది భూమిలోంచి తవ్వింది, ఇటుక బట్టీకి పనికొస్తుంది కానీ తిండికి కాదు. మనకి కావలసింది కర్ర బొగ్గు. మూడు రకాలు చిన్న చిన్న మూటలు కట్టి పంపుతున్నాను. సరుగుడు బొగ్గు నెమ్మదిగా కాలుతుంది, చాలాసేపు ఉంటుంది, కందకీ చిలగడదుంపకీ అదే మంచిది. తుమ్మ బొగ్గు వేడి గట్టిది, మొక్కజొన్న పొత్తుల బళ్ళవాళ్ళంతా అదే పట్టుకెళతారు. కొబ్బరి చిప్పల బొగ్గు ముక్క చిన్నదే కానీ వేడి సమంగా ఇస్తుంది, బూడిద తక్కువ. అంటించడానికి ఎండు కొబ్బరి పీచు చాలు. ముక్కలమీద తెల్లగా బూడిద కప్పేదాకా ఓపిక పట్టు, అంతవరకూ పైన ఏదీ పెట్టకు.

ఇక చూడటం ఎలాగంటావా. ముక్క ఎంత ఉన్నా చేతికి బరువు తెలియకూడదు. విరిస్తే లోపల నల్లగా మెరవాలి. అన్నిటికన్నా ముఖ్యం మోత. రెండు ముక్కలు తీసుకుని ఒకదానితో ఒకటి తట్టు. బాగా కాలిన బొగ్గయితే ఖంగుమంటుంది. లోపల పచ్చి మిగిలి ఉంటే మొద్దుగా డబ్బుమంటుంది, అది పొగ చిమ్ముతుంది. మా నాన్నగారు నాకు నేర్పింది ఇదే. ఈ కొట్టుకి ఈరోజుకీ బోర్డు లేదు. జనం నా చెవి కోసం వస్తారు. నీకు పంపిన ప్రతి ముక్కా నేనే తట్టి చూసి వేశాను.

మూట ఆర్టీసీ పార్సిల్‌లో వస్తుంది. ఖాళీ గోనె వాపసు పంపిస్తూ అందులోనే ఉత్తరం పెట్టు. ఫోన్ నాకు పడదు. అందులో చెప్పినదానికి సాక్ష్యం ఉండదు.

మామయ్య
జోగేశ్వరరావు


నిడదవోలు,
6-10-2024

మామయ్యా,

హడావుడిలో రాస్తున్నాను, గోనె పట్టుకెళ్ళే ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. బొగ్గు అందింది. కొబ్బరి చిప్పలది బాగుంది. సరుగుడు మాత్రం కళ్ళు మండిపోయేంత పొగ. తుమ్మ కూడా అంతే. మీరు తట్టి చూశారు కదా, మరి ఎందుకిలా?

పొగ పెట్టడం మాత్రం మానలేదు. వంతులవారీగా పెడుతున్నాను. ఇవాళ మా అత్తగారికి పెట్టాను, ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. వచ్చే ఆదివారం మా ఆడపడుచు అశ్వినికి. మీ అల్లుడు ఇంకా గట్టిగా పెట్టమంటున్నారు. నవంబరు లోపల అందరికీ ఒక్కో విడత అయిపోవాలి. ఇంకో మూట పంపండి.

ఉంటాను,
దుర్గ


తుని,
13-10-2024

దుర్గకి,

దీవెనలు అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నాను, దీవెనలు.

నీ చీటీ నాలుగుసార్లు చదివాను. మీ అత్తయ్యకి చూపించలేదు, చూపిస్తే బెంగ పెట్టుకుంటుంది. పండగ పూట భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు నేను. నువ్వు నా చేతుల్లో పెరిగిన పిల్లవి. మీ అమ్మ తన అత్తగారి ముందు ఏనాడూ గొంతు పెంచి మాట్లాడలేదు. అలాంటిది, నువ్వు అత్తగారికి పొగ పెడుతున్నావా? అదీ వంతులు వేసుకుని? ఆ పెద్దావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని లోపలికి వెళ్ళిపోతే, నువ్వు ఇంకో మూట పంపమని నాకు రాస్తావా? సొంత తల్లిని, చెల్లెలిని ఇంట్లోంచి పంపెయ్యడానికి మా అల్లుడుగారు ఇంకా గట్టిగా పెట్టమనడం మరీ విడ్డూరం. ఆయన్ని పెద్దమనిషి అనుకున్నాను.

ఏమైనా మనసులో కష్టం ఉంటే చెప్పు, నేనూ మీ అత్తయ్యా వచ్చి కూర్చుని మాట్లాడతాం. ఆవిడ మంచిదే అని పెళ్ళిలోనే అనిపించింది నాకు. వడ్డనలో నాకు రెండోసారి గారె వేయించింది.

ఈ పెట్టెలో ఆత్రేయపురం పూతరేకులు ఉన్నాయి. మహేంద్ర పనిమీద రాజమండ్రి వెళితే తెప్పించాను. ఇవి నీకు కాదు. మీ అత్తగారికి నీ చేత్తో ఇచ్చి, క్షమించమని అడుగు.

సరుగుడు బొగ్గుకి పొగ వచ్చిందన్నది ఒప్పుకోను. నేను తట్టి చూసిన బొగ్గుకి పొగ రాదు. నువ్వు తడి చేసుంటావు.

మామయ్య


నిడదవోలు,
20-10-2024

మామయ్య గారికి అపరాధి దుర్గ నమస్కారాలు.

ఏం జరిగిందో వినండి. పార్సిల్ వచ్చేసరికి నేను స్నానానికి వెళ్ళాను. పెట్టె విప్పింది మా అత్తగారు. పూతరేకుల మీదే మీ ఉత్తరం. ఆవిడ పైకి చదవడం మొదలుపెట్టారట. "అత్తగారికి పొగ పెడుతున్నావా" దగ్గరికి వచ్చేసరికి గోడకి ఆనుకుని కూలబడిపోయారు. నేను తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చి చూస్తే ఆవిడకి మాట రావడం లేదు. ఏమైందోనని భయపడి మంచినీళ్ళు తెచ్చాను. తీరా చూస్తే నవ్వు. అశ్విని వచ్చి మళ్ళీ చదివింది. మీ అల్లుడు కొట్టు నుంచి భోజనానికి వస్తే ఆయన చేత మూడోసారి చదివించారు. "ఆయన్ని పెద్దమనిషి అనుకున్నాను" అన్న వాక్యం ఇప్పుడు మా ఇంట్లో రోజూ వినిపిస్తోంది. ఉప్పు అందించకపోయినా అదే మాట.

మామయ్యా, పొగ పెట్టడమంటే మీరనుకున్నది కాదు. పనీరుకీ, వంకాయలకీ పైన మూత వేసి బొగ్గు పొగ పట్టిస్తాం కదా, దానికి మేం పెట్టుకున్న పేరు అది. ఒక్కో ఆదివారం ఒక్కొక్కరు రుచి చూసి చెప్పాలి, అదీ వంతు. అత్తగారి కళ్ళలో నీళ్ళు మీ సరుగుడు బొగ్గు తెప్పించింది, నేను కాదు.

ఆ మాట మాత్రం నిజం. మీకు కోపం వచ్చినా రాస్తున్నాను. బొగ్గు తడవలేదు. కాలకుండా మిగిలిన ముక్కలు విరిచి చూశాను, లోపల గోధుమరంగు కర్ర కనిపిస్తోంది. అన్నీ కాదు, సగం. ఈసారి మీరు ఇంకాస్త జాగ్రత్తగా చూడండి. ఇంకో సంగతి, ఏదైనా పండ్లచెట్టు ఎండు కర్ర ముక్కలు నిప్పుల మీద వేస్తే మంచి వాసన పడుతుందట. మామిడా, జామా అన్నది అత్తగారు తేలుస్తానన్నారు. తేలగానే ఫోన్ చేస్తాను, ఉత్తరం అందేదాకా ఆగలేను.

మీ
దుర్గ

అన్నయ్యగారికి రామలక్ష్మి నమస్కరించి రాయునది. మీ మేనకోడలు నన్ను కళ్ళలో పెట్టుకుని చూసుకుంటోంది, ఆ కళ్ళలోనే కాస్త పొగ కూడా పెడుతోంది, అంతే. పూతరేకులు చాలా బాగున్నాయి. ఇంకేదైనా అనుమానం వస్తే మళ్ళీ పంపించండి. గారె సంగతి గుర్తుంచుకున్నందుకు సంతోషం.


తుని,
27-10-2024

చిరంజీవి దుర్గకి దీవెనలు. ఈసారి మనస్ఫూర్తిగా.

సిగ్గుతో చచ్చిపోయాను. మీ అత్తయ్యకి రెండు ఉత్తరాలూ చూపించాను. ఆవిడ నవ్వుతూ ఏదో అంది, ఆ నవ్వులో నాకు తెలియలేదు కానీ నా గురించే. రామలక్ష్మి గారికి నా తరఫున క్షమాపణ చెప్పు. అల్లుడుగారు పెద్దమనిషే. ఈ కాగితాన్ని కూడా పైకి చదివించు.

నువ్వు మొన్న ఫోన్ చేసి అడిగినవి ఈ మూటలో ఉన్నాయి. బొగ్గుల కొట్టుకి ఫోన్ చేసి చామదుంపలు అడిగింది ఈ భూమ్మీద నువ్వొక్కదానివే. అయినా మేనకోడలు నోరు తెరిచి అడిగింది కదా అని సంతకి వెళ్ళి స్వయంగా ఏరి ఎనిమిది కిలోలు కొన్నాను. ముక్కలు కోసి, ఎండబెట్టి పంపమన్నావు, అది మాత్రం నా వల్ల కాలేదు. చామదుంప ఎండబెడితే ఏముంటుంది? నువ్వే ఏదో చేసుకో.

సరుగుడు మళ్ళీ పంపుతున్నాను. ప్రతి ముక్కా రెండేసిసార్లు తట్టాను. ఇందులో తప్పుంటే నా పేరు మార్చుకుంటాను.

మామయ్య


నిడదవోలు,
3-11-2024

మామయ్య గారికి దుర్గ నమస్కారాలు.

ముందు మంచి మాట. చామదుంపలు ఉడికించి, తొక్క తీసి, వాము, కారం, నిమ్మరసం పట్టించి నిప్పుల మీద పెట్టాం. పైన కరకర, లోపల వెన్న. ఇన్ని ఆదివారాల్లో మా అత్తగారు మొదటిసారి రెండోసారి వడ్డించుకున్నారు. వనభోజనాల్లో చామదుంప ఖాయం.

కానీ నేను అడిగింది చామ కాదు. జామ. ఎండు జామకర్ర ముక్కలు.

నవ్వుతూనే ఇది రాయడం మొదలుపెట్టాను, ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఈ కొత్త మూటలోంచి నాలుగు ముక్కలు తీసి, మీరు రాసినట్టే ఒకదానితో ఒకటి తట్టాను. నాకు బొగ్గు గురించి ఏం తెలుసు? అయినా తేడా తెలిసింది. రెండు ఖంగుమన్నాయి. రెండు డబ్బుమన్నాయి. అత్తగారు వంటింట్లోంచే "అది పచ్చిదే" అన్నారు. మూట మొత్తం గుమ్మరించి తట్టాను. సగానికి సగం అంతే.

మామయ్యా, మీరు అశ్రద్ధగా పంపే మనిషి కాదు. ఒక్కో ముక్కా రెండుసార్లు తట్టారని రాశారు, నమ్ముతున్నాను. మరి ఆ మోత మీకు వినపడిందా? ఫోన్ పడదంటారు. జామ అంటే చామ అన్నారు. మీనత్తయ్య నవ్వుతూ ఏమందో తెలియలేదన్నారు. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు భయం వేస్తోంది. నిజం చెప్పండి. నాకొక్కదానికే చెప్పండి చాలు.

దుర్గ


తుని,
7-11-2024

దుర్గా,

వినపడటం లేదు.

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రాయడం కాస్త సులువుగా ఉంది. ఉగాది అప్పుడు కుడి చెవిలో దూది పెట్టినట్టు మొదలైంది. ఎడమ చెవి అంతకుముందే మందగించింది, కుడిదాంతో నెట్టుకొచ్చేవాణ్ణి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి సర్దుకుంటాను. సగం మాటలకి నవ్వుతాను, మిగతా సగానికి "పిల్లలు బాగున్నారా" అంటాను. ఎవరికైనా పిల్లలుంటారు కదా, చెల్లిపోతుంది. మీ అత్తయ్య అరుస్తుంటే నామీద కోపమనుకుంటాను.

బొగ్గు మాత్రం సర్దుకోనివ్వదు. దానికి పెదవులు లేవు. అలవాటుకొద్దీ తట్టుతున్నాను, ఖంగుమందని అనుకుని సంచిలో వేస్తున్నాను. నీ దగ్గరికి ఆ సరుకే వచ్చింది. తడి చేశావని నిన్నే అన్నాను. క్షమించు.

ఎందుకు దాచానో నీకు అర్థమవుతుందని నమ్ముతున్నాను. జోగేశ్వరరావు తట్టి ఇచ్చాడు అంటే తునిలో ఇంకెవరూ తిప్పి చూడరు. వినపడదని తెలిస్తే ఇక కొట్లో నేనెందుకు? మహేంద్ర నన్ను ప్రేమగానే ఇంట్లో కూర్చోమంటాడు. అరుగు మీద పేపరు చదువుకుంటూ బతకడం నాకు చేతకాదు. చెవిలో మిషను పెట్టుకుని కూర్చున్నా అంతే, చూసిన ప్రతివాడికీ తెలిసిపోతుంది.

వనభోజనాలకి బొగ్గు వేరేచోట కొనుక్కో. అరవై మంది ముందు నా వల్ల నువ్వు మాట పడకూడదు.

మామయ్య


నిడదవోలు,
10-11-2024

మామయ్యా,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. కోపంలోనే రాస్తున్నాను, పెద్దవాళ్ళు మీరు సర్దుకోండి.

వేరేచోట కొనను. నవంబరు 24న మా డ్రమ్ములో పడేది మీరు విన్న బొగ్గే. లేకపోతే ఆ రోజు పులిహోర, పనసపొట్టు కూరే. మీరే చెప్పుకోండి అరవై మందికి సమాధానం.

జనం మీ చెవి కోసం వస్తారన్నారు. పోనీ, ఆ చెవిని ఎనిమిది నెలల్లో ఒక్క డాక్టరుకైనా చూపించారా? తాళం పట్టేస్తే కొట్టు మూసేసుకుంటామా, నూనె వేయించుకోమూ? మీ అల్లుడు రాజమండ్రిలో చెవి డాక్టరమ్మ దగ్గర పేరు రాయించారు. శనివారం, 16వ తేదీ, ఉదయం పదకొండింటికి. తునిలో రైలెక్కితే సరిగ్గా సరిపోతుంది. ఇక్కడ మీ అల్లుడికీ, అత్తగారికీ చెప్పక తప్పలేదు, మహేంద్ర బావకీ, మీనత్తయ్యకీ మాత్రం నేను ఏమీ చెప్పలేదు. మీరే చెప్పండి. చెప్పడానికి మీకు వినపడక్కర్లేదు కదా.

మా అత్తగారు ఒక మాట రాయమన్నారు. "అన్నయ్యగారు డాక్టరు దగ్గరికి వెళ్ళకపోతే నేనే తుని వచ్చి, ఆయన మొదట అనుకున్న రకం పొగ పెడతాను."

దుర్గ


తుని,
18-11-2024

నా తల్లి దుర్గకి, మామయ్య వెయ్యి దీవెనలు.

మీ అత్తగారి బెదిరింపుకి లొంగాను. గురువారం సాయంత్రం భోజనాల దగ్గర మీ అత్తయ్యకీ, మహేంద్రకీ చెప్పేశాను. మీ అత్తయ్య చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "నా మాటంటే మీకు లెక్కలేకుండా పోయిందనుకున్నాను" అంది. అరిచి అంది కాబట్టి వినపడింది. దుర్గా, నేను ఆవిడకి కోపమనుకున్నాను, ఆవిడ నాకు నిర్లక్ష్యమనుకుంది. ఎనిమిది నెలలు ఒకే కంచం దగ్గర కూర్చుని ఇద్దరం తప్పుగా అనుకున్నాం.

శనివారం ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మ చిన్న పిల్ల, మన అశ్విని ఈడుది. లైటు పెట్టి కుడి చెవిలోకి చూసింది. చూసి ఇంకో డాక్టరుని పిలిచి చూపించింది. తర్వాత గోరువెచ్చని నీళ్ళు గొట్టంతో కొట్టింది, చిన్న కొక్కెం లాంటిది పెట్టి లాగింది. ఇనప గిన్నెలో టక్కుమని ఏదో పడింది. ఆ టక్కు నాకు వినపడింది! అదేమిటో తెలుసా? గులిమి. దాంతో ముప్పై ఎనిమిదేళ్ళ బొగ్గు పొడి కలిసి గట్టిపడి చెవికి బిరడా వేసేసింది.

"ఏం వ్యాపారం చేస్తారండీ మీరు?" అంది ఆ పిల్ల.

"బొగ్గులమ్మా."

"సగం సరుకు ఇక్కడే దాచారు" అంది.

నేను గిన్నెలోకి తొంగి చూసి, "సరుగుడే అయ్యుంటుంది" అన్నాను. ఆసుపత్రి వరండా అంతా నవ్వు. ప్రతి నవ్వూ విడివిడిగా వినపడింది. ఫ్యాను చప్పుడు, మీ అత్తయ్య గాజులు, మహేంద్ర ముక్కు చీదుకోవడం కూడా. వాడు ఏడ్చాడు, జలుబని చెప్పాడు. ఎడమ చెవికి మాత్రం వయసు మీద పడిందట. దానికి మిషను ఇచ్చారు. పెట్టుకున్నాను. పెట్టుకుంటే నేనేమీ చిన్నవాణ్ణయిపోలేదు.

రాగానే కొట్టు తలుపు తీసి, నీ కోసం కట్టి ఉంచిన మూట విప్పాను. రెండు ముక్కలు తీసి తట్టాను. డబ్బుమంది! దానంత సంతోషకరమైన చప్పుడు నేను వినలేదు. నా బొగ్గు బాగాలేదని నా చెవే చెప్పింది. పచ్చివన్నీ ఏరి పక్కన పడేసి, మంచి సరుకు మళ్ళీ తెప్పించి, ముక్క ముక్కా తట్టి కొత్త మూట కట్టాను. ఈసారి నా పేరు మార్చుకునే అవసరం రాదు. ఎండు జామకర్ర కూడా ఉంది, చూసుకో. చిన్న చిన్న ముక్కలే వెయ్యి, గుప్పెడు చాలు.

ఆదివారం వనభోజనాలకి రాలేను. ఉగాది నుంచి నా దగ్గర బొగ్గు పట్టుకెళ్ళిన వాళ్ళందరికీ ఒక పని బాకీ పడ్డాను. అది ముందు తీర్చాలి. రామలక్ష్మి గారు కోప్పడకుండా చూడు.

మామయ్య
జోగేశ్వరరావు


నిడదవోలు,
25-11-2024

మామయ్యా!

పొగ రాలేదు. మొదటి వాక్యం అదే రాయాలని నిన్నటి నుంచి అనుకుంటున్నాను.

పీచు అంటించి మీ సరుగుడు బొగ్గు పేర్చితే అరగంటలో తెల్లగా బూడిద కప్పుకుని లోపల ఎర్రగా కూర్చుంది. చామదుంప, కంద, పొత్తులు, అనాసపండు, చివర వంకాయలు కాల్చి పచ్చడి. జామకర్ర వేయగానే వీధిలోవాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు. వాళ్ళనీ పిలిచేశాం. అరవై మంది ఎనభై అయ్యారు. జాగ్రత్తకి చేసి ఉంచిన పులిహోర మిగిలిపోయిందని మా అత్తగారు ఎంత గర్వంగా చెప్పుకుంటున్నారో! ఆవిడ డ్రమ్ము పక్కనే కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతివాళ్ళ చేతా రెండు బొగ్గు ముక్కలు తట్టించి, "విన్నారా? అది మా అన్నయ్యగారి బొగ్గు" అన్నారు. పట్టుచీరల్లో అందరి చేతులూ నలుపు. ఒక్కళ్ళూ విసుక్కోలేదు.

మీరు లేని లోటు మాత్రం తెలిసింది. ఆ బాకీ పని ఏమిటో రాయండి.

మీ
దుర్గ


తుని,
1-12-2024

చిరంజీవి దుర్గకి,

నీ ఉత్తరం మీ అత్తయ్య నాకు చదివి వినిపించింది. నేను చదువుకోగలను, అయినా వినిపించమన్నాను. మామూలు గొంతుతో చదివింది. ఇంత మెత్తటి గొంతని మర్చిపోయాను.

బాకీ సంగతి రాస్తాను. రిక్షా బండిలో మంచి బొగ్గు మూటలు వేసుకుని, నా దగ్గర కొనే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాను. పచ్చి బొగ్గు ఇచ్చానని ఒప్పుకుని బదులు ఇవ్వాలని. రాత్రంతా ఏం చెప్పాలో అనుకున్నాను. ముందు రైల్వే గేటు దగ్గర చిట్టెమ్మ బండి. ఆవిడ ఇరవై ఏళ్ళుగా అక్కడే బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఇస్త్రీ పెట్టెలో పచ్చి బొగ్గు పడితే నిప్పురవ్వలు ఎగిరి బట్టకి చిల్లు పడుతుంది.

"చిట్టెమ్మా, ఉగాది నుంచి నీకు మంచి సరుకు ఇవ్వలేదు. నా చెవి పోయింది, దాచాను. ఇదిగో, ఇది తీసుకో" అన్నాను.

"తెలుసండి షావుకారుగారూ" అంది.

"ఏం తెలుసు?"

"మీకు వినపడ్డం లేదని. పచ్చి బొగ్గు వస్తోందండి అని చెప్పడానికి వచ్చాను. పిల్లలు బాగున్నారా అన్నారు. నాకు పిల్లల్లేరు కదండి. అప్పుడే తెలిసిపోయింది."

"మరి వేరే కొట్టుకి వెళ్ళలేదేం?" అన్నాను.

"నేను మానేస్తే మీకు తెలిసిపోద్ది కదండి, మీ సంగతి మాకు తెలుసని. రోజూ పొద్దున్నే కాసేపు కూర్చుని పచ్చివి ఏరి పడేసుకునేదాన్ని. టీ కొట్టాయనా అంతే, పొత్తుల బండాయనా అంతే. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదండి."

దుర్గా, తెలిస్తే జనం రారని ఎనిమిది నెలలు భయపడ్డాను. వాళ్ళకి తెలుసు. తెలిసే వచ్చారు. గేటు దగ్గర నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చేశాను, సిగ్గు కూడా వెయ్యలేదు.

చిట్టెమ్మ నన్ను ఏడవనిచ్చింది. తర్వాత, "ఇప్పుడు బాగా వినపడుతోందాండి?" అంది.

"బాగా వినపడుతోంది."

"అయితే వినండి" అని ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుంది. మేష్టారి తెల్లచొక్కాకి పడిన చిల్లు దగ్గర మొదలుపెట్టింది. సంచి అడుగున పొడి ఎక్కువట. మహేంద్ర ఆదివారం కొట్టు ఆలస్యంగా తీస్తాడట. పండగల ముందు ఆవిడ వాటా పెద్ద హోటళ్ళకి ఇచ్చేస్తామట. ముప్పావుగంట తిట్టింది. టీ కొట్టాయన కూడా వచ్చి తన వంతు కలిపాడు. ఎండలో నిలబడి మొత్తం విన్నాను. ఒక్క ముక్క కూడా పోలేదు.

మామయ్య